చేతులు వెనక్కి పెట్టుకుని

హైదరాబాదు, 9-8-1994

సాలమ్మకు, నా ఆరోగ్యానికేం ఢోకా లేదు, హాస్టలు తిండి కూడా అలవాటైంది. యూనివర్సిటీలో కంప్యూటర్లు బాగుచేసే మాకందరికీ, వాటిని వాడేవాళ్లకు ఎలా నేర్పాలో పది రోజుల శిక్షణ పెట్టారు. నిన్న పరీక్షల ఆఫీసులో పనిచేసే కాశమ్మ, కంప్యూటర్లో ఉత్తరం అచ్చు కావడం లేదని వచ్చింది. ఆమెను పక్కకు జరగమని నిమిషంలో నేనే తీసిచ్చాను. నేర్పే సారు మెచ్చుకుంటాడనుకుంటే కోప్పడ్డాడు.

"గట్ల నువ్వే చేస్తే గామె ఎప్పుడు నేర్సుకుంటది? చేతులు ఎనుకకు పెట్టుకొని నోటితోని చెప్పు" అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి ఆమెతోనే చేయించాను. అరగంట పట్టింది. నా వేళ్లు ఊరుకుంటేనా! కాగితం బయటికి రాగానే కాశమ్మ దాన్ని గదిగదికీ తిప్పి చూపించింది.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. పలక మీద నీ గీత వంకర పోయినప్పుడల్లా నీ చేయి పట్టి నేనే దిద్దాను. పైగా నీకు చదువు రాదన్నాను. తప్పు నాదే.

నారాయణఖేడ్‌లో వాన పడిందా? కందిచేను కలుపు అయిందా? అమ్మ మోకాలికి దవాఖాన మందు ఆపకు. ప్రభువు మీ అందరికీ తోడుండాలి.

తమ్ముడు అహరోనూ, ఇది వదినకు చదివి వినిపించినాక, ఒక ఖాళీ పోస్టుకార్డు, పెన్ను ఆమె ముందు పెట్టు. నీ చేతులు వెనక్కి పెట్టుకో.

స్తెఫను