అద్దం చెప్పని మాట

హాల్విక్ రేవు,
ఫిబ్రవరి, ఆదివారం.

ఓస్విన్‌కి హెస్టర్ ప్రేమతో రాసేది.

ఇక్కడ నేను, జిన్నీ, నీ పడవ క్షేమం. అక్కడ దక్షిణ సముద్రంలో నువ్వూ, మీ తిమింగలాల వేట ఓడలో వాళ్లంతా క్షేమమని తలుస్తున్నాను. మావయ్య సంగతి వరుసలో వస్తుంది. ఉత్తరం చివరినుంచి చదివే అలవాటు నీది. ఈసారి ఆ పని చేశావో, నా మీద ఒట్టే.

పడవకి తారు పూశారా అని అడిగావు. విల్ఫ్ బాబాయి పూశాడు, పూసినంతసేపూ నిన్ను తిట్టాడు. పాప జిన్నీకి పళ్లొచ్చాయా అన్నావు. వచ్చాయి, కరవడమూ వచ్చింది, అంతా నీ పోలికే. ఇక మూడోది. "అమ్మ పోయిననాడు ఊళ్లో మగపురుగు లేదు. అందరం సముద్రం మీదే ఉన్నాం. నాన్న అలా ఒంటరిగా పోకూడదు, ఏం చేస్తావో చెయ్యి హెస్టర్" అని రాశావు. ఆ మాట చదివినప్పటినుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

నేను లోపలి ఊరి పిల్లని కదా. మా ఊళ్లో ధర పడినా, గాలి పడినా, మనిషి నీరసించినా 'తగ్గింది' అని ఊరుకునేవాళ్లం. ఈ రేవుకి కాపురానికొచ్చాక నోరు తెరిచాను, కిందికి పోవడానికి ఇన్ని మాటలా అని! రేవు గోడకున్న, పాదరసం దిగితే గాలివాన అని చెప్పే బరోమీటరుని మీరంతా అద్దం అంటారు. మావయ్య పొద్దున్నే దాన్ని వేలితో తట్టి, ఊరంతటికీ వినబడేలా ఒక్క మాట కేకేసేవాడు. 'డిప్' అంటే కాస్త దిగింది, మళ్లీ లేస్తుంది, పోయి రండి. 'సింక్' అంటే మెల్లగా దిగుతోంది, పెందలాడే తిరిగి రండి. 'స్లంప్' అంటే చతికిలబడింది, ఇళ్లలో కూర్చోండి. 'ప్లంజ్' అన్నాడంటే ఇక మాటల్లేవు, పడవల్ని ఒడ్డెక్కించి తాళ్లు బిగించడమే. ఇంట్లోనూ అవే మాటలు. పొయ్యి చల్లారుతుంటే 'సింక్'. నా రొట్టె పొంగకపోతే "స్లంప్, పిల్లా!" అని ఒకటే నవ్వు.

పక్షవాతం వచ్చాక నీ పేరు పోయింది, నా పేరు పోయింది, 'మంచినీళ్లు' అనే మాట కూడా పోయింది. ఈ నాలుగే మిగిలాయి. డాక్టరు తల పంకించి 'డిక్లైన్', అంటే క్షీణిస్తున్నాడు అన్నాడు. ఆ పెద్దమనిషి మాట మావయ్యకి నచ్చలేదు. మూతి బిగించి, "డిప్" అన్నాడు. డాక్టరు తెల్లమొహం వేస్తే, నేను ఏప్రాన్‌లో మొహం దాచుకుని నవ్వాను.

చిన్న నొప్పికి డిప్. నిద్రొస్తే సింక్. నా చేపల పులుసుకి ఎప్పటిలాగే స్లంప్. జిన్నీని గుండెల మీద పడుకోబెట్టుకుని ఆ మాటలే లాలిగా పాడేవాడు, అది నిద్రపోయేది. ఇన్ని కోపాలూ, ఇంత ప్రేమా ఆ కాసిని మాటల్లో ఎలా పట్టాయో! 'ప్లంజ్' మాత్రం ఒక్కసారీ అనలేదు.

పన్నెండు రోజుల కిందట, మంగళవారం పొద్దున ఆ మాట అన్నాడు. నా మణికట్టు పట్టుకుని, రేవువైపు చూస్తూ, స్పష్టంగా. నా పైప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తి అద్దం చూశాను. పాదరసం ఎక్కడో ఎత్తున, రాయిలా నిలబడి ఉంది. ఆకాశంలో మచ్చుకి మబ్బు లేదు. విల్ఫ్ బాబాయి అప్పటికే "బాగుంది, పదండ్రా" అనేసి, మగాళ్లతో సందులోంచి దిగివస్తున్నాడు. మాట పడిపోయిన ముసలాయన ఏదో అన్నాడని చెబితే అంత ఎండని ఎవరు వదులుకుంటారు?

ఇక నేను చేసిన నిర్వాకం విను. పడవకి వెళ్లే మగాడికి ఆడది ఎదురు రాకూడదు కదా మీ రేవులో! గాలాలకి ఎర గుచ్చే చేతులు పనికొస్తాయి గానీ, మొహం పనికిరాదు. తలకి గుడ్డయినా కట్టుకోకుండా సరిగ్గా సందు మధ్యలో నిలబడి, పడవెక్కేముందు మీ చెవిన పడకూడని ఆ జంతువు పేరే ఎత్తి, "పంది! పంది! పంది!" అని అరిచాను.

"కీడు తగలకుండా ఇనుము పట్టుకోండ్రా!" అని కేకేసి, విల్ఫ్ బాబాయి బూటు మేకుల కోసం వంగాడు. "ఏటే, పిచ్చిగానీ పట్టిందా నీకు? ఆ మాట అనొచ్చా? ఎండంతా బూడిదపాలు చేశావు కదే!"

"ఇవాళ వెళ్లొద్దు బాబాయ్."

"ఇంకెక్కడికెళ్తాం, నీ నోరు పడ!"

అందరూ వెనక్కి తిరిగారు. రోజంతా సముద్రం పాలగిన్నెలా ఉంది. మధ్యాహ్నం బాబాయి మా కిటికీ కిందికొచ్చి, "ఏటమ్మా, నీ తుఫాను దారి తప్పిందా?" అంటే గుంపంతా నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడే మావయ్య ఊపిరి మారింది.

కిటికీ తీసి, "పైకి రా బాబాయ్, అందర్నీ తీసుకురా" అన్నాను. నా గొంతు విని నవ్వులు ఆగిపోయాయి. బూట్లు మెట్ల కింద విప్పి, మేజోళ్లతో ఎక్కారు. గది నిండింది, మెట్లూ నిండాయి. ఇన్నేళ్లూ పొద్దున్నే సముద్రం మీదికి పంపిన మొహాల్ని మావయ్య ఒక్కొక్కటే చూశాడు. నీకోసమూ వెతికాడు. నీ చోట జిన్నీని కూర్చోబెట్టాను. అది ఆయన గడ్డం పట్టుకుని, "సింక్" అంది. దానికొచ్చిన మొదటి మాట అదే. మావయ్య కళ్లు నవ్వాయి.

అలా పోయాడు ఓస్విన్. మీ నాన్న పోయాడు. ఊరి మగాళ్లంతా చుట్టూ ఉండగా పోయాడు.

పొద్దున మావయ్య 'ప్లంజ్' అన్నాడని అప్పుడు చెప్పాను. బాబాయి కిందికి దిగి అద్దం తట్టాడు. "ఇందులో లేదమ్మా" అన్నాడు. "ముసలాయనకి ఎలా తెలిసింది?" నాకూ తెలియదు. ఆయన చూసింది సముద్రాన్నో, తననో ఎప్పటికీ తెలియదు.

పోస్టుమాస్టరు నీ ఓడకి వైర్‌లెస్ కొట్టిస్తానన్నాడు. నేనే వద్దన్నాను. నాలుగు ముక్కల్లో చెబితే ఆయన పోయాడనే తెలిసేది, ఎలా పోయాడో తెలిసేది కాదు. ఇన్ని రోజులు నీకు తెలియకుండా ఉంచినందుకు కోపమొస్తే, ఇంటికొచ్చి తిట్టు, పడతాను.

ఇంకొక్క సంగతి. ఖననమయ్యాక మర్నాడు పొద్దున మగాళ్లు రేవులో నిలబడ్డారు గానీ, ఎవరూ కదలరు. బాబాయి మా తలుపు తట్టాడు. "నా గొంతు రేవు చివరిదాకా పోదమ్మా. నువ్వు పంది అని అరిస్తే అవతలి ఒడ్డుకి వినబడింది. ఆయన మాటలూ నీకే తెలుసు. నువ్వే కేకెయ్యి."

"మరి నా మొహం?"

"అది మేం చూసుకుంటాంలే."

వెళ్లేసరికి అందరూ అవతలి గోడవైపు తిరిగి, టోపీలు తీసి నిలబడి ఉన్నారు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. వేలితో అద్దం తట్టాను. పాదరసం కదలలేదు. నిలకడగా ఉంది, భయం లేదు అనడానికి మావయ్య దగ్గర ఒక మాట ఉండేది, జబ్బు తినేసిన మాట. దాన్నే గొంతెత్తి అరిచాను, "స్టెడీ!" అని. గోడవైపు తిరిగిన వీపులన్నీ ఒక్కసారి వణికాయి. తరువాత ఒక్కరూ వెనక్కి చూడకుండా పడవలెక్కారు.

ఇప్పుడు రోజూ నేనే కేకేస్తున్నాను. వాళ్లు వెళ్లిపోయాక దక్షిణం వైపు తిరిగి, ఆ రోజు మాట నీకూ ఒకసారి చెబుతున్నాను. ఇవాళ 'డిప్'. కాస్త దిగింది, మళ్లీ లేస్తుంది.

ఇట్లు,
మావయ్య కోడలు, జిన్నీ తల్లి,
నీ భార్య హెస్టర్.