రెండు మూరలు ఎడమకు

ముళబాగిలు,
ఆదివారం

ఆంజినప్ప పెద్దనాయనకు, శివరాజు దండాలు పెట్టి రాసేది.

ఫోన్‌లో నీ గొంతు వింటానే పెట్టేస్తా ఉండాను. అందుకే కాగితం మీద పెడతా ఉండాను. ఉమేశు పోయి నలభై దినాలాయ. వాడే జారి పడినాడని నీకు, పెద్దమ్మకు, గనోళ్ళ లైనిళ్ళలో అందరికీ చెప్పినాను. అది అబద్ధం పెద్దనాయనా.

గని మట్టి పోసిన సైనైడ్ దిబ్బ మీంచి వాడు సైకిల్ దూకించేది, నేను కింద పడుకోని వీడియో తీసేది, రెండేండ్లుగా ఇదే కదా మా పిచ్చి. చక్రం పెద్దదిగా కనపడాలంటే కెమెరా నేలకే ఆనించాల. సైకిల్ పోయే పక్క ఫ్రేములో ఖాళీ వదలాల, లేకుంటే గోడకు గుద్దుకుండే మాదిరి ఉంటాది. "నువ్వు యాడ చెప్తే ఆడ దూకుతా" అనేవాడు. నన్ను అంత నమ్మినాడు.

ఆ సాయంత్రం మొదటి తూరి ఎప్పుడూ దూకే చోటే బాగా దూకినాడు. వెనకాల నీ గని షాఫ్టు టవరు తల మాత్రం ఫ్రేములో తెగిపోయింది. "రెండు మూరలు ఎడమకు రారా, మీ నాయన దిగిన టవరంతా పడాల" అన్నాను. ముందు రాత్రి వాన పడింది. వాన పడితే ఆ దిబ్బ పైన గట్టిగా ఉండి లోపల గుల్లవుతాదని మా ఇద్దరికీ తెలుసు. గనిలో నువ్వు కప్పు తట్టి సద్దు వినినట్టే, కొత్త చోటయితే వాడూ నీ ఇనుప కమ్మీతో తట్టి చూసి గానీ చక్రం పెట్టడు. ఆ పొద్దు కమ్మీ తేలేదు. "పొద్దున కనపడలేదురా, ఇంగోసారి ఇంట్లో వెదికొస్తా ఉండు" అన్నాడు. "ఎండ పోతాది. రెండు మూరలకు కమ్మీ ఏంటికిరా పిరికోడా" అన్నాను. నవ్వి ఎక్కినాడు.

టవరు పూర్తిగా పడింది పెద్దనాయనా. వాని ముందర నేను వదిలిన ఖాళీ కూడా సరిగ్గా ఉండాది. ఆ ఖాళీలోకే వానితో సహా దిబ్బ విరిగి పడింది. కెమెరా అమ్మేస్తాను, ఇంగ పట్టను. నువ్వు కొట్టినా తిట్టినా పడతాను.

నీ బిడ్డను పోగొట్టిన
శివరాజు


కేజీఎఫ్,
గురువారం

నాయనా శివా,

నీ జాబు రెండు తూర్లు చదివినాను. మొదటి తూరి నిన్ను చంపేయాలన్నంత కోపం వచ్చింది, దాచేదేముంది. రెండో తూరి కమ్మీ కాడికి వచ్చి నిలిచిపోయినాను.

వాడు ఇంటికొచ్చి వెదికినా అది దొరికేది కాదప్పా. ఆ పొద్దు తెల్లారే నేనే దాన్ని తీసి బియ్యం డబ్బా వెనకాల దాచినాను. కమ్మీ లేకుంటే దిబ్బ ఎక్కడు, కాలూ చెయ్యీ విరక్కుండా ఉంటాడనుకొంటి. బయలుదేరేటప్పుడు "నాయనా, కమ్మీ చూస్తివా?" అని అడిగినాడు. "నాకేం తెలుసురా" అన్నాను. నా బిడ్డతో నేను మాట్లాడిన కడపటి మాట అదే.

మీ పెద్దమ్మ దినామూ ఆ సైకిల్ తుడుస్తాది, నా కొడుకును జార్చేస్తివే అని దాన్నే తిడతాది. ఆమెకు నిజం చెప్పాల. నాకు ఒక్కనికి నోరు రాదు. ఆదివారం మొదటి బస్సుకు రా. కెమెరా అమ్మద్దు, వెంట తీసుకోని రా. వాడు నవ్వి ఎక్కినాడంటివే, అది నేను చూడాల.

కమ్మీ ఇంకా ఆ డబ్బా వెనకాలే ఉండాది. నా చెయ్యి పోవడం లేదు. నువ్వొచ్చినాక ఇద్దరమూ కలిసి బయటికి తీద్దాము.

మీ పెద్దనాయన
ఆంజినప్ప