నల్లంపల్లి దుర్గమ్మ కత్తి, ఇంకా నావైన కొన్ని

నేను మాదేశ్వరి, వయసు ఇరవై ఏడు, చనిపోయిన కుప్పన్ కూతురిని. ధర్మపురి దగ్గర అదియమాన్‌కోట్టైలో ఉంటాను. గుడి గోపురాల బొమ్మలు బాగుచేసి రంగులు వేయడం నా పని. వచ్చే బుధవారం సేలంలో నా గుండెకు ఆపరేషన్. గుండె బాగాలేదు గాని బుర్ర బాగానే ఉంది. ఎవరూ బెదిరించకుండా, ఎవరూ బతిమాలకుండా, నా చేత్తో నేను రాస్తున్న వీలునామా ఇది. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం ఎవరికీ రాదు. నేనొక్కదాన్నే పట్టుబట్టి నేర్చుకున్నాను. అందుకని హోసూరులో తెలుగు బడిలో చదివిన కలైవాణి అక్క దీన్ని అందరికీ వినిపించాలి. నాతో పనిచేసే కణ్ణగి దీన్ని అమలు చేయాలి.

1. మా అమ్మ సెల్లమ్మాళ్‌కు: నా వెండి పట్టీలు, ఫోను, పాస్‌పోర్టు. పాస్‌పోర్టులో ఒక్క ముద్ర కూడా లేదు. ఎందుకు తీసుకున్నానో నీకు చెప్పలేదమ్మా, ఇప్పుడు విను. ఇటలీలో ఫ్లోరెన్స్ అనే ఊళ్లో ఒక చిత్రం ఉంది. నాలుగు వందల ఏళ్ల కిందట ఆర్టెమీసియా జెంటిలెస్కి అనే ఆడమనిషి వేసింది. ఇద్దరు ఆడవాళ్లు ఒక సేనాపతిని మంచానికి అదిమిపట్టి తల కోస్తుంటారు. వానకు పని ఆగిన రోజు ఫోనులో కనబడింది. ఆ చేతుల బలం చూశాక నాకు అన్నం దిగలేదు. దాని ముందు ఒక్కసారి నిలబడాలనిపించింది. ఇంకా అనిపిస్తూనే ఉంది.

2. కణ్ణగికి: నా రంగుల పెట్టె, దాని మూతకు లోపల అంటించిన ఆ చిత్రం కాగితం. నల్లంపల్లి గోపురం రెండో అంతస్తులో దుర్గమ్మ చేతులు విరిగిపోతే సిమెంటుతో మళ్లీ కట్టింది నేను. అవి నీ చేతులే. పదేళ్లుగా సిమెంటు చట్టి మోస్తున్న చేతులు. వాటిని చూసి, "దేవతకు ఇంత కండ ఏంది మే, నన్ను చూసి నవ్వుతారు" అన్నావు. ఎవరూ నవ్వలేదు కదా.

3. నా పసుపు చీర ఎవరికైనా ఇవ్వండి. వదిన తేన్మొళికి మాత్రం వద్దు. కారణం ఆమెకు తెలుసు.

4. అమ్మ తమ్ముడు, మా మేస్త్రి అయిన దొరసామి మామకు: ఉడత వెంట్రుకల సన్న కుంచె. అది ఆయనదే. ఆయన నాకు ఏదీ నేర్పలేదు, పక్కన నిలబడి చూడనిచ్చాడు. అందుకు దండం. మిగతా దానికి దండం లేదు. దుర్గమ్మకు రంగులన్నీ నేను వేస్తే, ఆఖరున పరదా కట్టి కళ్లు మాత్రం ఆయన దిద్దాడు. మా పనిలో కళ్లు దిద్దడాన్నే కన్ను తెరవడం అంటారు, కన్ను తెరిచినవాడిదే బొమ్మ. "ఆడదానివి నువ్వు కన్ను తెరిస్తే సామికి పడదు మే. కుంచె పెట్టి దిగు" అన్నాడు. గోపురం కింద తన పేరు, ఫోను నంబరు రాయించుకున్నాడు. ఆర్టెమీసియా చిత్రాల్లో కొన్నిటిని కూడా చాలా కాలం చిత్రకారుడైన ఆమె తండ్రివనీ, ఇంకెవరో మగవాళ్లవనీ అన్నారట. ఆమె కోసం తర్వాత వెతికేవాళ్లు వచ్చారు. నా కోసం ఎవరొస్తారు మామా?

5. ఆర్టెమీసియా తన పేరును ఆ చిత్రంలోని కత్తి మీదే రాసుకుంది, ఇది నేను వేశాను అని. అది తెలిశాక నేనూ దుర్గమ్మ కత్తి మీద తెలుగులో నా పేరు రాశాను. మామకు చదవడం రాదు కాబట్టి ఏదో నగిషీ అనుకుంటాడులే అనుకున్నాను. ఆయన అలా అనుకోలేదు. "దేవుడి కత్తి నీకు పలకా?" అని వెండి రంగు పూసేసినాడు.

పేరు ఆ రంగు కింద ఉంది. పన్నెండేళ్లకు మళ్లీ కుంభాభిషేకం, మళ్లీ రంగులు. నేను ఉంటే నేనే ఎక్కుతాను, అప్పుడు ఈ కాగితం చించేయండి. లేకపోతే, ఆ రోజు గోపురం చుట్టూ కట్టే సారం కట్టెలు పట్టుకుని పైకెక్కేది ఆడమనిషైతే, కత్తి ఆమెకు రాసిస్తున్నాను. చేతులు సన్నం చేయవద్దని చెప్పండి. వెండి రంగు గీకి నా పేరు ఒక్కసారి పైకి చదవమనండి. చదివాక దాని మీద తన పేరు రాసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కళ్లు మాత్రం, కింది నుంచి ఎవరు పిలిచినా దిగకుండా, తానే తెరవాలి.

తేదీ: 11-8-2024, ఆదివారం, అదియమాన్‌కోట్టై

సంతకం: మాదేశ్వరి

సాక్షులు:
కలైవాణి (చదివి వినిపించింది)
కాళియప్పన్, సారం కట్టే పని (మొత్తం విని వేలిముద్ర వేశాడు)