రెండోసారి అడగదు

జూన్ 9, 2003
సరోజ పోయాక తాళం వేసి ఉన్న కంప్యూటర్ ల్యాబ్ నాకు అప్పగించారు. నేను ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. "మీ ఆవిడ చూసుకున్నదే కదండీ, మీకు అలవాటే," అన్నారు ప్రిన్సిపాల్ గారు. ఆ లెక్కన వంటగదీ అలవాటై ఉండాలి.

జూన్ 11
కంప్యూటర్లని నడిపే లినక్స్ పాతబడింది. క్లాసులు మొదలయ్యేలోగా అన్నీ కొత్తవి ఎక్కించాలి. మొదలుపెట్టాను. ప్రింటర్ దగ్గర ఆగింది — ఈ సెట్టింగులు మీరు మార్చుకున్నారు, కొత్తవి వెయ్యమంటారా, ఉన్నవే ఉంచమంటారా? వెయ్యాలంటే వై, వద్దంటే ఎన్.
వద్దన్నాను. మర్యాదకి. అడగ్గానే వెయ్యండి అనే అలవాటు మన ఇళ్లలో లేదు. మళ్లీ అడుగుతుందని చూశాను. అడగలేదు. తన దారిన వెళ్లిపోయింది.
ప్రింటర్ పనిచెయ్యడం లేదు.

జూన్ 12
ప్రసాద్ వచ్చాడు. కంప్యూటర్స్ పార్ట్‌టైమ్ లెక్చరర్, రోజూ సామర్లకోట నుంచి రైల్లో. సంగతి విని బల్ల పట్టుకుని నవ్వాడు.
"మాష్టారూ, ఇది మీ అత్తారిల్లు కాదండి. వద్దంటే వద్దనే."
"ఒక్కసారైనా బతిమాలదా?"
"బతిమాలదండి. అన్నిటికీ వై కొట్టేయండి."
సరోజ అసలు అడిగేదే కాదు. వడ్డించేసేది.

జూన్ 13
మళ్లీ మొదలుపెట్టి, అడిగినవాటికల్లా వై. ప్రింటర్ బాగుంది. కానీ నాలుగింటికి అన్ని తెరల మీదా 'కాఫీ టైమ్, లేవండి' అని వచ్చేలా సరోజ పెట్టిన ఏర్పాటు పోయింది. ఎవరమూ లేవలేదు.
"కంగారు పడకండి. పాతదాన్ని పారెయ్యదండి. పేరు చివర ఓల్డ్ అని తగిలించి పక్కన పెడుతుంది." ప్రసాదే వెతికి తిరిగి పెట్టాడు.
చీరల విషయంలో నేనింకా అంతదాకా రాలేదు.

జూన్ 15
ఆదివారం. ఎవరూ ఏమీ అడగలేదు.

జూన్ 16
ఇంకొక్క ప్రశ్నే మిగిలింది. మెషీన్ ఆన్ చెయ్యగానే కనిపించే పలకరింపు. కొత్తదా, ఉన్నదా? తేడా చూపించమన్నాను. పోయేవని మైనస్ గుర్తుతో సరోజ మాటలు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు — మిక్చర్ తిన్న చేతులు తుడుచుకుని కూర్చోండి. సందేహం వస్తే సరోజ మేడమ్‌ని అడగండి. ప్లస్ గుర్తుతో కొత్తది — వెర్షన్ పేరు. అంతే.
"ఉంచితే, కొత్త పిల్లలు వచ్చి అడుగుతారండి... మేడమ్ ఎక్కడ అని." ప్రసాద్ గొంతు తగ్గించాడు.
"అడుగుతారు."
"తీసేసినా పక్కన ఉంటుంది కదండీ."
"పక్కన ఉండటం వేరు."
"అయితే ఉంచేద్దామా?"
అతను గడియారం చూసుకున్నాడు — ప్యాసింజరు.
కాఫీకి రమ్మన్నాను. వద్దండి, టైమైపోతోంది అన్నాడు. మళ్లీ అడిగాను. వచ్చాడు.
ప్రశ్న తెర మీదే ఉంది...