క్రేన్ ఎక్కనన్న రోజు

ప్రియమైన అక్కా,

ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. ఈ ఇనుప కార్ఖానాలో క్రేన్ నడిపే ఆడదాన్ని నేనొక్కదాన్నే కదా, మొదట్లో నిచ్చెనెక్కుతుంటే కింద నిలబడి నవ్వేవాళ్ళు. అది అలవాటైపోయింది. ఇప్పుడు భయం వేరే. క్రేన్ ఉక్కుతాడులో పోగులు తెగి ముళ్ళలా పైకి లేచాయి. ఫోర్‌మన్‌కి చెప్తే, "నీకు తాడు కూడా పాములా కనిపిస్తోందేంటమ్మా?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు.

ఆ తాడు కింద ఆరుగురు పనిచేస్తారక్కా. 

నీ చిన్ని

చిన్నీ,

ఆసుపత్రి డ్యూటీలో చదివాను.  నలిగిన కాళ్ళకీ చేతులకీ రోజూ కట్లు కట్టేదాన్ని, నాకు తెలుసు. నోటిమాటగా వదలకు. కాగితం మీద రాసి ఆయన సంతకం తీసుకో. పెట్టకపోతే ఎక్కకు. ఉద్యోగం పోతే పోయింది, నా గదిలో ఇద్దరం సర్దుకుందాం.

అక్క

అక్కా,

రాసిచ్చాను. ఫోర్‌మన్ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పొద్దున ఇనుము పోసే పెద్ద అచ్చు ఎత్తాలి. నువ్వు ఎక్కనంటే ఈ షెడ్డులోకి ఇంకో ఆడపిల్లని రానివ్వరు, గుర్తుపెట్టుకో" అన్నాడు.

ఎక్కకపోతే ఆడవాళ్ళందరికీ పిరికివాళ్ళన్న పేరు. ఎక్కితే ఆరు ప్రాణాలు. ఈ ఉత్తరం నీకు చేరేసరికి ఏదో ఒకటి జరిగిపోయి ఉంటుంది. 

చిన్ని

చిన్నీ,

పది రోజులైంది. ఒక్క ముక్క లేదు. అంబులెన్స్ కూత వింటే గుండె ఆగిపోతోంది. నన్ను తిట్టుకుంటూ అయినా సరే, బతికున్నానని రాయవే.

అక్క

ప్రియమైన అక్కా,

బతికే ఉన్నాను. ఏమవుతుందో తేలకుండా నీకేం రాయాలో తోచలేదు, తిట్టకు.

ఆ పొద్దున ఎక్కనన్నాను. గొంతు పీలగా వచ్చింది, అయినా అన్నాను. ఫోర్‌మన్ నన్ను పక్కకి నిలబెట్టి, ఇరవై ఏళ్ళుగా క్రేన్ నడుపుతున్న పెద్దాయన్ని పిలిచాడు. ఆయన సగం నిచ్చెనెక్కి, తాడు చూసి, దిగిపోయాడు. "నేనూ ఎక్కను. రెండు నెలలుగా దాన్ని చూసి హడలిచస్తున్నా. మగాడికి భయమేంట్రా అంటారని నోరు మూసుకున్నా" అన్నాడు. షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

తాడు విప్పి చూస్తే లోపల సగం పోగులు తెగిపోయి ఉన్నాయి. అయినా సంజాయిషీ నోటీసు నాకొక్కదానికే వచ్చింది. ఆయన కాదంటే అనుభవమట, నేను కాదంటే మొండితనమట! నిన్న విచారణ.  పెద్దాయన నాతోపాటు లోపలికొచ్చి, అడక్కుండానే నా పక్కన కూర్చున్నాడు. "నోటీసిస్తే ఇద్దరికీ ఇవ్వండి, లేదా చింపెయ్యండి" అన్నాడు. గంటసేపు వాదులాడి చివరికి నోటీసు వెనక్కి తీసుకున్నారు.

ఇవాళ కొత్త తాడుతో మళ్ళీ ఎక్కాను. కిందనుంచి ఆ ఆరుగురిలో ఒకాయన అరిచాడు:

"భయంగా ఉందా అమ్మాయ్?"

"ఉంది!"

"అయితే పర్లేదు, ఎత్తు!"

నీ చిన్ని