నాలుగు గిన్నెల వాయిద్యం

మే 2, 2004. వనపర్తి.

ఈ రోజు నుంచి నేను వేరే మనిషిని!

కారణం: మా అబ్బా సాబిర్ బ్యాండు మేళంలో కీబోర్డు వాయించే జాన్ అన్న భవనాల పనికి పుణె వెళ్లిపోయాడు. కీబోర్డు కూడా పట్టుకుపోయాడు. నెలాఖరులోపే తెలకపల్లిలో పెళ్లి ఒప్పుకొని ఉన్నాం.

“ఈ పెండ్లి చెడితే బ్యాండు బంద్, బేటా. జాన్ ఎనకనే నేను గూడ పుణె పోత” అన్నాడు అబ్బా.

క్లారినెట్ పట్టే వేళ్లతో ఇటుకలా!

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు చదువుతున్న ఆఫియా అనే నేను తీర్మానించినది ఏమనగా: కీబోర్డు మనిషి లేకుండా పాడే యంత్రం చేస్తాను. సినిమా పాట ముట్టను. రోజుకో సొంత వరుస కడతాను.

మే 3.

ఇంటర్నెట్ కేంద్రంలో అచ్చు తీయించిన కాగితాలన్నీ చదివాను. మాడ్యులర్ సింథసైజర్ అంటే ఒక్క వాయిద్యం కాదు. విడివిడి పెట్టెలు. నచ్చినట్టు వైర్లతో కలుపుకోవచ్చు. పెట్టెలు లేవు కాబట్టి అమ్మీ నాలుగు గిన్నెల టిఫిన్ డబ్బా తీసుకున్నాను. పేర్లు కూడా పెట్టాను.

శబ్దం పుట్టించేది ఊగుడు గిన్నె. సీక్వెన్సర్‌కు ఎనిమిది మరలు, ఒక్కో మరకు ఒక్కో స్వరం, ఒకదాని తర్వాత ఒకటి పలుకుతాయి. అది వరుస గిన్నె. “ఇప్పుడు కదులు” అని దానికి ఆజ్ఞ ఇచ్చే కంట్రోలర్ పెత్తనం గిన్నె. పెత్తనం! పలికితే నోరు నిండిపోయింది. అడుగు గిన్నెలో బ్యాటరీ.

అమ్మీ చూసింది.

“డబ్బాకు ఈ బొక్కలేందే?”

“మరలు తిప్పడానికి, అమ్మీ.”

“మరి పప్పు ఏడ పోయాలె? నీ నెత్తి మీదనా?”

మే 6.

పాడింది!!! పక్కింటి మేక దానికి జవాబిచ్చింది. మొదటి వరుసకు ‘తొలిజాము తొందర’ అని పేరు పెట్టాను. వరుస కట్టడానికి పట్టిన సమయం కంటే పేరుకే ఎక్కువ పట్టింది.

మే 11.

ఎండకు స్వరాలు జారుతున్నాయి. పొద్దున ‘స’గా ఉన్నది మధ్యాహ్నానికి ‘రి’ అయింది. ఈ రోజు కొత్త వరుస కట్టలేదు. కానీ నిన్నటిదే ఎండకు మారిపోయింది కాబట్టి కొత్తదే అనుకోవాలి.

మే 15.

మధ్యాహ్నం మా వాకిట్లో సాధన. డప్పు కొట్టే బక్కయ్య తాత యంత్రాన్ని అనుమానంగా చూశాడు.

“ఇది నా ఎనక రావాల్నా, నేను దీని ఎనక పోవాల్నా?”

“నువ్వే దాని వేగం పట్టుకోవాలి, తాతా.”

“మా ఇంటామె ఎనకనే పోలే నేను. ఈ గిన్నెల ఎనక పోత్నా?”

ఆలోచించాను. పాత అలారం గడియారంలోంచి, దెబ్బ తగిలితే చిటికెడు కరెంటు పుట్టించే పలుచని ఇత్తడి బిళ్ల తీసి, డప్పు లోపలి వైపు జిగురుతో అంటించి, వైరు పెత్తనం గిన్నెకు కలిపాను. ఇప్పుడు ఒక్క దెబ్బకు ఒక్క స్వరం!

“పెత్తనమంతా నీదే, తాతా.”

“గట్లనా!” అన్నాడు. ఇక ఆపితే ఒట్టు.

మే 19.

సినిమా పాట ఒకటి పెట్టాను. కేవలం పరీక్ష కోసం.

మే 20.

మళ్లీ పరీక్ష.

మే 21.

“నీ సొంతయి మస్తుగున్నయ్ బేటా. గని పెండ్లిల జనం ఏడ్వాల్నా?” అని అడిగాడు అబ్బా. కాబట్టి పరీక్షే ఖాయం. ఎనిమిది మరలకు పల్లవిలో మొదటి ముక్కే పట్టింది. అదే తిరిగి తిరిగి వస్తుంది. పర్వాలేదు. జనానికి ఎలాగూ ఆ ముక్కే గుర్తుంటుంది.

మే 23. తెలకపల్లి నుంచి వచ్చాక.

అయ్యో! అయ్యో! వరుసగా రాస్తాను.

పొద్దున్నే ఊరేగింపు. పెళ్లికొడుకు జీపులో నిలబడ్డాడు. డబ్బా, స్పీకరు బానెట్ మీద పెట్టాం. పెళ్లికూతురి మేనమామ బుచ్చన్న డబ్బా చూసి మొహం మాడ్చుకున్నాడు.

“మా ఇంట్ల బువ్వ ఉండదనుకున్నరా? డబ్బా కట్టుకొని వచ్చిండ్రు?”

“ఇది వాయిద్యం, మామా!”

“మూత తియ్యి. ఏం కూరనో జూస్త.”

మూత తీసి వైర్లు చూపిస్తుండగా వెనక నుంచి పొగ. బక్కయ్య తాత గడ్డి మంట వేసి డప్పు కాస్తున్నాడు! మా వాకిట్లో మిట్టమధ్యాహ్నపు ఎండకే తోలు బిగిసేది. పొద్దుటి చల్లదనానికి డప్పు మంట దగ్గరికి పోతుందని నాకు తట్టనే లేదు. జిగురు కారింది. బిళ్ల ఊడి బూడిదలో పడింది.

“తాతా! బిళ్ల!”

“కాపకుండ డప్పు ఎవడన్న కొడ్తడా, బిడ్డా?”

బిళ్ల తుడిచి, నోట్లోని బబుల్‌గమ్‌తో జీపు బంపరుకు అంటించాను. ఇంజను వణుకుకే స్వరాలన్నీ కందిరీగల్లా రేగాయి. భయపడి, బిళ్ల చిన్న వణుకులు పట్టకుండా పెత్తనం గిన్నె మర బాగా తగ్గించాను. నిశ్శబ్దం. జీపు కదిలింది. నిశ్శబ్దం. అబ్బా మొహంలో పుణె కనిపించింది.

అప్పుడు జీపు గుంతలో పడింది.

“పీఁ!”

ఇంకో గుంత. “పూఁ!” గుంతకో స్వరం, అంతే! ఈ గుంతకూ ఆ గుంతకూ మధ్య బక్కయ్య తాత డప్పు దంచాడు. సినిమా పాటను ఎవరూ ఆనవాలు పట్టలేదు. పెళ్లికొడుకు నాయనమ్మ జములమ్మ కొంగు నడుముకు చుట్టింది.

“ఓ డ్రైవరూ! ఆ పెద్ద గుంతల ఎయ్యి!”

వేశాడు. “పీపీఁ!” జనం గంతులు వేశారు.

“ఎనకకు తీస్కో! మల్ల ఎయ్యి!”

జీపు ముందుకూ వెనక్కూ. అబ్బా నవ్వాపుకోలేక క్లారినెట్‌లో ఊదలేకపోయాడు. ముహూర్తం దాటిపోతోందని అయ్యగారు రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు. పెళ్లికొడుకు మాత్రం “ఇంకొక్క గుంత, అయ్యగారూ” అన్నాడు.

మే 24.

పాన్‌గల్ నుంచి మాసయ్య అనే పెద్దమనిషి వచ్చాడు. కూతురి పెళ్లట.

“సాబిరన్నా, మాకు ఆ గుంతల పాటనే గావాలె. ఏరేది వద్దు.”

“అదే వాయిస్తం” అని మాట ఇచ్చేశాడు అబ్బా. పుణె మాట ఇంట్లో మళ్లీ వినిపించలేదు. రాత్రికి అమ్మీ సేమియా చేసి మాసయ్యకూ పెట్టింది.

చేతులు కడుక్కుంటూ అన్నాడు మాసయ్య: “మా వీధికి మొన్ననే సిమెంటు రోడ్డేసిండ్రు. జీపు నీళ్ల మీద పడవ లెక్క పోతది.”

మే 25.

తీర్మానం: నున్నటి రోడ్డు మీద గుంతలు పుట్టించే ఇంకో గిన్నె చేస్తాను. రోజూ తప్పకుండా కూర్చుంటాను. గుంత లోతుకు ఒక మర, వెడల్పుకు ఒక మర. సినిమా పాట ముట్టను, ఈసారి నిజంగా.

డబ్బాలో ఖాళీ లేదు. అమ్మీ మధ్యాహ్నం చుట్టాలింటికి పోతుందట. కుక్కరు ఇంట్లోనే ఉంటుంది.