పొలిమేర దాటిన కోడికూర

అక్కకు,

ఇరవై రెండేళ్ళుగా అడగాలనుకుని అడగని మాట ముందే రాసేస్తున్నాను. లేకపోతే కుశల ప్రశ్నల్లో పడి మళ్ళీ దాటేస్తాను. ఆ రోజు మీ అత్త "ఎవురు తెమ్మన్నారు?" అన్నప్పుడు, "నేనే అడిగినా" అని నువ్వెందుకు చెప్పావు?

నువ్వు అడగలేదు. నీకూ తెలుసు, నాకూ తెలుసు.

సరే. నువ్వూ బావా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. మీ అత్తకు తుంటి నొప్పి ఏమైనా తగ్గిందా? మంచం పట్టిన మనిషిని తిప్పేటప్పుడు నీ నడుము కూడా చూసుకో. మేము క్షేమం. నిజంగానే క్షేమం. పోయినసారి ఫోన్లో నా గొంతు నీరసంగా ఉందన్నావు, అది జలుబే. ఇంత పొడుగు ఉత్తరం ఎందుకు, ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మీ అత్తకు వినికిడి తగ్గినప్పటి నుంచి మీ ఇంట్లో ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాల్సిన సంగతి.

ఐర్లండ్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇక్కడి వాన మన వాన కాదు. మనకు వానంటే మబ్బును చూసి మేకల్ని తోలుకుని పరుగెత్తడం. ఇక్కడ పొద్దున మొదలై సాయంత్రం దాకా సన్నగా పడుతూనే ఉంటుంది, ఎవరూ తలెత్తి చూడరు. మీ మరిది ఆసుపత్రి ల్యాబ్‌కు, చిన్ని బడికి పోతారు. నేను ముసలివాళ్ళ ఆశ్రమం వంటింట్లో పని చేస్తున్నానని చెప్పాను కదా. మార్కాపురంలో పదిహేనేళ్ళు ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పినదాన్ని, ఇప్పుడు క్యారెట్లు తరుగుతున్నాను. బాధపడి రాయడం లేదు. అడ్డంగా కోసినప్పుడు లోపలి వలయం కనిపిస్తే ఇప్పటికీ పాఠం నోటి దాకా వస్తుంది. వినేవాళ్ళు లేరు, అంతే.

మా వంటింటికి పెద్ద మొయిరా అనే ఆవిడ. అరవై దాటాయి. నన్ను చేరదీసింది కూడా ఆమే. మొన్న ఆదివారం నిండు కోడిని ఓవెన్‌లో కాల్చి మా ఇంటికే తెచ్చింది. ఉప్పూ మిరియాలూ తప్ప ఏమీ లేవు, అయినా చిన్ని ఇష్టంగా తిన్నది. నలుగురం తిన్నా సగం కోడి మిగిలింది. మొయిరా కోటు వేసుకుంటూ ఉండగా నేను ఆ మిగిలింది చెత్తబుట్ట దగ్గరికి తీసుకుపోయాను.

"ఏం చేస్తున్నావు? పిచ్చిదానివా?" అంది.

"మా ఇంట్లో కోడిని మర్నాటికి ఉంచం."

"ఎందుకు? మీ మతంలో కూడదా?"

"మతం కాదు."

"మరి?"

"అలవాటు," అన్నాను. నాకు పెళ్ళైన నాటి నుంచి కోడిని లెక్క చూసి వండుతాను, మిగలనివ్వను. మీ మరిది అది నా శుభ్రం అనుకుంటారు.

నీకు తెలిసిన కథే అయినా, నాకు కనిపించిన వైపు నుంచి రాస్తాను. మన ఊళ్ళో కొలుపులు అయిన మర్నాడు. అమ్మవారికి కోసిన కోడిని ఆ పూటే, ఊరి పొలిమేర లోపలే తినాలి, మిగిలితే గుంట తీసి పూడ్చాలి. అమ్మ పూడ్చమని గిన్నె నా చేతికే ఇచ్చింది. నేనప్పుడు డిగ్రీ చివరి సంవత్సరం. ఇవన్నీ నమ్మనని అందరికీ తెలియాలని మహా ఆరాటం. నీకు ఐదో నెల. గుంట తీయకుండా ఆ కూర క్యారియర్‌లో సర్దుకుని, కాలేజీకి పోతున్నానని చెప్పి, కంభం బస్సెక్కి మీ ఊరొచ్చాను. నువ్వు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నావు. అప్పుడే మీ అత్త దొడ్లోంచి వచ్చింది.

"నిన్న మీ ఊళ్ళో కొలుపులు గదా. ఇది ఏ కోడి?"

"అమ్మవారిదే," అన్నాను నేను, గొప్పగా.

ఆమె ముఖం పాలిపోయింది. "కడుపుతో ఉండే పిల్లకు పొలిమేర దాటిచ్చి తెస్తారా! ఎవురు తెమ్మన్నారు?"

నేను నోరు తెరిచేలోగా నువ్వు ఆ మాట అనేశావు. నేను నోరు మూసుకున్నాను. మార్కాపురం బస్సుకు టైమవుతోందని ఖాళీ క్యారియర్ తీసుకుని వచ్చేశాను. అంతే నేను చేసింది.

ఆ తర్వాత మీ అత్త నిన్ను కాన్పుకు పంపలేదు. అమ్మ పాత పంచెలు ఉతికి మడిచి, శొంఠి దంచి పెట్టుకుని కూర్చుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోతే ఊళ్ళో ఏమంటారోనని నాయన రెండుసార్లు వచ్చి అడిగినా ఆమె వినలేదు. పెద్దోడు మీ ఇంట్లోనే పుట్టాడు. అమ్మ చుట్టపుచూపుగా వచ్చి చూసి, అదే సాయంత్రం తిరిగిపోయింది. "దాని నాలిక అట్ల లాగిందిలే, ఏం జేస్తాం" అని చాలా ఏళ్ళు అంటూనే ఉండింది. నేను పక్కనే ఉండి విన్నాను. అమ్మ పోయి నాలుగేళ్ళు. ఆమెకూ చెప్పలేదు.

మొయిరాకు ఇదంతా చెప్పలేను కదా. ఆమె ఆ సగం కోడిని ఫ్రిజ్‌లో పెట్టి, "రేపు నీకూ నాకూ సెలవే, వచ్చి నేర్పిస్తాను" అని వెళ్ళిపోయింది.

చెప్పినట్టే సోమవారం పొద్దున వచ్చింది. మాంసం ఎముకల నుంచి ఒలిపించింది. ఎముకలను ఉల్లిగడ్డతో నీళ్ళలో మరగబెట్టించింది. వెన్నలో మైదా దోరగా వేయించి, ఆ నీళ్ళూ కాసిని పాలూ పోస్తే జావలాగా చిక్కబడింది. అందులో ఉడికిన క్యారెట్, బంగాళదుంప, పచ్చి బఠాణీ, ఒలిచిన మాంసం. ఆమె అటు తిరిగినప్పుడు రెండు పచ్చిమిరపకాయలు చీరి వేశాను. దాని మీద కప్పి కాల్చే పిండి మూతకు మైదాలో చల్లటి వెన్న వేసి వేళ్ళ కొసలతో నలపాలట. నేను అలవాటు కొద్దీ చపాతీ పిండిలా పిసకబోతే చేతి మీద కొట్టింది.

"దాన్ని వదిలెయ్! నీ చేతి వేడికి పాడైపోతుంది."

సరిగ్గా అప్పుడే నీ వీడియో కాల్. ఇక్కడ పదకొండు, మీకు పాలు పిండే వేళ. "అత్తతో మాట్లాడతా ఉండు, బర్రె అరస్తాంది" అని ఫోన్ ఆమె చేతికిచ్చి నువ్వు పోయావు. నువ్వు లేనప్పుడు జరిగింది ఇది.

"ఏంది పాపా, చేతులకు ఆ పిండేంది? రొట్టెలా?"

"కాదత్తా. నిన్నటి కోడి మిగిలింది. పైన పిండి మూత పెట్టి కాలుస్తన్నాం."

"నిన్నటి కోడా! మీ అక్క ఇనింటే కబురు పెట్టి తెప్పిచ్చుకునేది!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వినట్టు చేశాను. నవ్వు ఆపి గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం నేనెప్పుడూ వినలేదు.

"ఒక మాట చెప్తా, దాంతో అనాకు. అమ్మవారి భయం నాకు నాలుగు దినాలే పాపా. బిడ్డ లోపల తిరగతా ఉండె, భయం పోయింది. మనసులో నిలిచిపోయింది వేరే. ఇంటి నిండా కోళ్ళు తిరగతా ఉండె. అత్తా, కోడికూర తినాలనుంది అని నన్ను ఒక్క మాట అడిగిందా? పుట్టింటికి కబురు పెట్టింది. నేను కోసి పెట్టనా? అందుకే కాన్పుకు పంపలా. నా చేత్తో వండి పెట్టాలని. అదేమో సాధిస్తన్నా అనుకునింది. నా చేతికూడు దానికి పడలేదేమో పాపా."

వారం వారం కోడి కోసి, "తిను, తిను" అని కంచం నీ ముందు పెట్టేదనీ, అదంతా దెప్పడానికేననీ నువ్వు ఏడుస్తూ చెప్పిన రోజు గుర్తుకొచ్చింది. నా చేతులకు పిండి అంటుకుపోయి ఉంది. "అత్తా, అది అడగలేదు" అంటే మూడు మాటలు. అనలేదు. ఈలోగా నువ్వు పాలచెంబుతో వచ్చి, "ఇంగ చాల్లే అత్తా, పాపకు పనుంటది" అని ఫోన్ తీసుకున్నావు. ఏమన్నదని మొయిరా అడిగితే, ఎలా వండుతున్నామో అడిగిందన్నాను. అబద్ధం ఎంత తేలికగా వచ్చిందో చూడు.

మూత పరిచి, ఆవిరి పోవడానికి నాలుగు గాట్లు పెట్టి, గుడ్డుసొన రాసి ఓవెన్‌లో పెట్టాం. పైన ఎర్రగా పొంగింది. చిన్ని బడి నుంచి వచ్చి, "కోడికి దుప్పటి కప్పినట్టుందమ్మా" అంది. గరిటె దించితే పైమూత పెళుసుగా విరిగి, లోపలి నుంచి పొగలు లేచాయి. నేనూ తిన్నాను అక్కా, నిన్నటి కోడిని. కడుపులో వెచ్చగా ఉండింది. ఎవరినో అడిగి తినాల్సిందేమో అనిపించింది, కానీ రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

మీ అత్త నమలలేకపోతోందన్నావు కదా, ఆ లోపలి భాగం ఆమెకు సరిపోతుంది. ఓవెన్ అక్కర్లేదు. మాంసం బాగా మెత్తబడనిచ్చి, మైదా బదులు గోధుమపిండి వేసి, చిక్కగా చేసి సంగటి పక్కన పెట్టు. మిరియాలు తక్కువ వెయ్యి. వీలైతే నాకు కాస్త కందిపొడి పంపు, ఇక్కడ దొరికేదానికి వాసన లేదు. బావకు నమస్కారం చెప్పు. పెద్దోడు చదువులో పడి ఫోన్ చేయడం మానేశాడు, పిన్ని కోప్పడిందని చెప్పు. మీ అత్త కాళ్ళకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు.

అనొద్దన్న మాట నీకు రాసేశాను. అదీ ఒక తప్పే. అసలు సంగతి ఆమెకు చెబితే, కోడలు తనను కాదనుకోలేదని తెలిసి ఆమె మనసు తేలికపడుతుంది. కానీ నువ్వు ఆమె ఎదుటే అబద్ధమాడావనీ తెలుస్తుంది. ఇప్పుడు ఆమెను పక్కకు తిప్పాలన్నా, నోట్లో నీళ్ళు పోయాలన్నా నీ చేతులే. ఆ చేతుల మీద ఆమెకున్న నమ్మకాన్ని ఈ వయసులో కదిలించవచ్చా? చెప్పకపోతే తన చేతికూడు నీకు పడలేదనుకుంటూనే పోతుంది. నువ్వే తేల్చమని రాయబోయి ఆగాను. ఒకసారి నా తప్పు నీ నెత్తిన వేసుకున్నావు, మళ్ళీ నీ మీదే వేయడం న్యాయం కాదు. పోనీ నేనే ఫోన్ చేసి చెబుదామంటే, ఆ తొందర ఆమె కోసమా, నీ కోసమా, నా బరువు దించుకోవడానికా అన్నది ఎంత ఆలోచించినా తేలడం లేదు. చదువు ఇందులో ఏమీ సాయం చేయలేదు. ఆమెకు చెప్పాలో వద్దో నాకు తెలియడం లేదక్కా.

నీ దీవెన కోరుతూ,
నీ చెల్లెలు
సుధ